కోయకుండా వదిలిన గడ్డి

వెర్నా స్కోగ్‌స్టాడ్ ఉద్యోగమున్నన్నాళ్ళూ మిన్నెసోటాలోని ఓ పల్లె బడిలో పిల్లలకు వండిపెట్టింది. భర్త లేలండ్ పోయాక ఇంట్లో కాలు నిలవక, బంబుల్ తేనెటీగల జాడ తీసే స్వచ్ఛంద బృందంలో చేరింది. ఒళ్ళంతా నూగుతో బొద్దుగా ఉండే ఆ ఈగలు ఏటేటా తగ్గిపోతున్నాయి. కనిపించినవాటికి ఫొటో తీసి పంపడం ఆమె పని.

ఆ జూలైలో చర్చి శ్మశానంలో, లేలండ్ సమాధి చుట్టూ విరగబూసిన ఊదారంగు అడవిపూల మీద, వీపున తుప్పురంగు మచ్చ ఉన్న ఈగ ఒకటి వాలింది. వెర్నా ఫొటో తీసి పంపింది. బృందంవాళ్ళు వెంటనే ఫోన్ చేశారు.

"అది దాదాపు కనుమరుగైన రకమండీ. ఆ పూలు మాత్రం కోయనివ్వకండి."

శ్మశానంలో గడ్డి కోసేది మరిది ఓరిన్. వెర్నా అతనికి చెప్పి చూసింది.

"పూలు వాడేదాకా ఇటు మిషన్ తీసుకురాకు, ఓరిన్."

"ఈగ కోసం మా అన్నని పిచ్చిమొక్కల్లో పడుకోబెడతావా వదినా? ఆదివారం చర్చికొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"అనేదేదో నన్ననమను."

"నీకు మతిపోయిందని ఎప్పుడో అనేసుకున్నార్లే!"

శనివారం ఆమె వెళ్ళేసరికి గడ్డి నేలమట్టమైపోయి ఉంది. తెగిన పూలు ఎండకు కమిలిపోతున్నాయి. ఓరిన్‌ని నాలుగు మాటలు అనేయాలనే దగ్గరికి వెళ్ళింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో సమాధి రాతి మీద అన్న పేరు తుడుస్తున్నాడు. వెర్నా అతని పక్కనే కూలబడింది.

"ఆయన పోయాక నాకు సంతోషమనిపించింది ఆ ఈగ కనిపించిన ఒక్క రోజే, ఓరిన్," అంది.

అతను గుడ్డ పిండాడు. "అన్నకి నేను చేయగలిగింది ఈ గడ్డి కొయ్యడమొక్కటే వదినా. ఇంకేం మిగిలింది నాకు?"

మరుసటి వేసవిలో ఎవరూ అడగకుండానే ఓరిన్ ఆ చోటు వదిలేసి చుట్టూ కోశాడు. చర్చిలో ఎవరో సణిగితే, "అది మా ఇంటి విషయం," అన్నాడు. పూలు మళ్ళీ వచ్చాయి. మామూలు ఈగలూ వచ్చాయి. తుప్పుమచ్చది మాత్రం రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. అయినా వెర్నా వారం వారం వెళుతూనే ఉంది. కనిపించలేదన్న సంగతీ బృందానికి అవసరమే కనుక, అదే రాసి పంపుతుంది.

ఆమె కనిపిస్తే ఓరిన్ మిషన్ ఆపుతాడు.

"వచ్చిందా వదినా?"

"లేదు."

"ఇంకా ఎండెక్కలేదుగా. చూద్దాం ఉండు," అంటూ అతనూ పూల పక్కన చతికిలబడతాడు.