ఎర్ర ఎద్దు ప్రార్థనకు వచ్చిన ఆదివారం

నా చిన్నప్పుడు నాకొక మొండి నమ్మకం ఉండేది. ప్రార్థన మందిరంలో పాస్టరు అయ్యగారు నూనె రాసి తల మీద చెయ్యి పెడితే తగ్గని జబ్బంటూ ఉండదని. నమ్మకం ఇప్పటికీ ఉంది గానీ అప్పటంత మొండిది కాదు. ఆ మొండితనంతో ఒక ఆదివారం ఉదయం నేను చేసిన నిర్వాకానికి సంఘమంతా ఎండలో నిలబడాల్సి వచ్చింది. నేను మా తాతయ్య కళ్లు తుడుచుకోవడం మొదటిసారి చూసింది కూడా ఆ రోజే.

మాది అనకాపల్లికీ కె. కోటపాడుకీ మధ్య ఒక చెరకు ఊరు. అప్పట్లో ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు పదికి మించి ఉండేవి కావు. పెంకుల కప్పు మందిరం, దాని ముందు వేపచెట్టు, ఆ చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అదే మా గంట. దాన్ని కొట్టే హక్కు మా తాతయ్యది, ఆయన సంఘ పెద్ద కాబట్టి. గంట విషయంలో ఆయన ఎంత నిక్కచ్చో ఆదివారం విషయంలో అంతకు మించి నిక్కచ్చి. ఆ రోజు మా ఇంట్లో కొడవలి కూడా చూరులోంచి దిగేది కాదు.

ఎద్దుల సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మాకున్నది ఒక్క ఎద్దు, ఎర్రది. పక్కింటి మావయ్యకున్నదీ ఒక్కటే, తెల్లది. దున్నడానికైనా, బండికైనా, బెల్లం రోజుల్లో గానుగ తిప్పడానికైనా రెండిళ్ల వాళ్లూ వాటిని కలిపి కట్టుకునేవాళ్లు. మావయ్యవాళ్లు హిందువులు. మా తాతయ్య ఆదివారం ఎర్రదాన్ని కాడి కిందికి రానిచ్చేవాడు కాదు కనుక తెల్లదానికి కూడా ఊరికే సెలవు దొరికేది.

"నా ఎద్దు నన్నడక్కుండానే మీ మతంలో కలిసిపోనాది మామా" అని మావయ్య నవ్వేవాడు.

తాతయ్య నవ్వేవాడు కాదు. "ఏడో దినం మనిషికే కాదురా, పశువుక్కూడా ఇచ్చేడు దేవుడు. సేసినోడికి తెల్దేటి దాని అలుపు?" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ఛాతీ కాస్త పొంగేది. ఊళ్లో ఇంకే ఎద్దుకీ లేని సెలవు మా ఎద్దుకుందని నాకూ గొప్పగానే ఉండేది.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్లిన నెలకి గానుగ మా వంతుకొచ్చింది. ఊరందరికీ ఒక్కటే గానుగ. వంతు వచ్చిందంటే చెరకు నరకాలి, నరికిన చెరకు వెంటనే ఆడెయ్యాలి. ఆలస్యమైతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. సరిగ్గా అప్పుడే ఎర్రెద్దు మొండికేసింది. నాలుగు చుట్లు తిరగడం, ఆగిపోవడం. ములుగర్రతో పొడిస్తే రెండడుగులు వెయ్యడం, మళ్లీ ఆగడం. బరువంతా తెల్లదాని మీద పడుతోందని మావయ్యకు కోపం వచ్చింది. ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు.

శనివారం సాయంత్రం గానుగ దగ్గర పిప్పి ఎత్తుతూ నేను వాళ్ల మాటలు విన్నాను.

"ఇది ఇంక పనికి రాదు మామా. సోమారం సంతకి తోలీద్దుం. దీని బదులు ఇంకోటి సూసుకుందుం."

తాతయ్య తల వంచుకుని కాలితో పిప్పి కెలుకుతూ నిలబడ్డాడు. చివరికి "సర్లే అల్లుడా, ఏటి సేత్తాం" అన్నాడు.

పని చెయ్యని ఎద్దును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో మా ఊళ్లో పెద్దవాళ్లెవరూ పైకి అనరు. తొమ్మిదేళ్ల పిల్లనైనా నాకూ తెలుసు. ఆ ఎద్దు నేను పుట్టకముందు నుంచీ మా పాకలో ఉంది. దాని కొమ్ములు పట్టుకునే నేను నిలబడడం నేర్చుకున్నానని మా అమ్మ చెప్పేది.

నాకు ఏడుపు రాలేదు, ఉపాయం వచ్చింది. అంతకు ముందు వారమే మా వీధిలో ఒక పసిబిడ్డకు ఒళ్లు కాలిపోతుంటే అయ్యగారు నూనె రాసి ప్రార్థన చేశారు. సాయంత్రానికి జ్వరం దిగింది. బిడ్డకు తగ్గింది ఎద్దుకెందుకు తగ్గదు? పైగా ఆదివారం ఎద్దుది కూడా అని చెప్పింది తాతయ్యే. ఆదివారం మనం మందిరానికి వెళతాం. మరి ఎద్దు ఎందుకు వెళ్లకూడదు? అంత తిరుగులేని వాదన నేను నా జీవితంలో మళ్లీ చెయ్యలేదు.

తెల్లారాక తాతయ్య గంట కొట్టడానికి ముందే వెళ్లిపోయాడు. అమ్మ తమ్ముడికి తల దువ్వుతుండగా నేను పాకలోకి దూరి ఎర్రెద్దు పలుపు విప్పాను. అది హాయిగా పడుకుని నెమరు వేస్తోంది. లేవడానికి దానికి బొత్తిగా ఇష్టం లేదు. బతిమాలి, లాగి, తోక మెలిపెట్టి లేపాను. వీధిలో ఎదురైనవాళ్లు "ఏటే గుంటా, ఆదివారం పూట ఎద్దునెక్కడికి తోల్తన్నావు?" అని అడిగారు. "పార్తనకి" అన్నాను. వాళ్లు నవ్వుకుంటూ కొంత దూరం మా వెనకాలే వచ్చారు.

మేం చేరేసరికి లోపల పాట నడుస్తోంది. ఎద్దును వేపచెట్టుకు కట్టి, పాట అయ్యాక అయ్యగారిని పిలుద్దామని నా ఉద్దేశం. ఎద్దు ఉద్దేశం వేరు. మందిరం పక్కనే అయ్యగారి ఇల్లు, ఇంటి ముందు ఆయన భార్య ప్రాణంలా పెంచుకుంటున్న చిక్కుడు పాదు. ఆవిణ్ణి మేం అమ్మగారు అనేవాళ్లం. పలుపు నా చేతిలోంచి జారిపోయింది. పాట రెండో చరణంలోకి వెళ్లేలోగా చిక్కుడు పందిరి సగం ఖాళీ అయింది. నేను పెట్టిన కేకకి పాట ఆగిపోయింది.

అందరూ బయటికి వచ్చారు. కొందరు నవ్వారు, కొందరు ఇదేం అపచారమని గొణిగారు. తాతయ్య ముఖం చూసి నేను ఎద్దు చాటుకు జరిగాను. సంఘ పెద్ద మనవరాలే ఆరాధన ఆపించిందంటే ఆయన ఏ ముఖం పెట్టుకుంటాడు? ఆయన చెయ్యి పైకి లేచింది కూడా. అయ్యగారు ఆ చేతిని మెల్లగా పట్టుకుని దించి, నా దగ్గరికి వచ్చి వంగి, "ఎందుకు తెచ్చావమ్మా?" అని అడిగారు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. "రేపు సంతకి తోలేత్తారంట. నూనె రాసి పార్తన సెయ్యండయ్యగారూ. బేగి సెయ్యండి" అన్నాను.

మా అయ్యగారు పెద్దాయన, చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగి తిరిగి ఎండకు నల్లబడిన మనిషి. నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. వెంటనే ప్రార్థనకు కళ్లు మూసుకుంటారేమో అనుకున్నాను, అదీ లేదు. ఎద్దు వైపు చాలాసేపు చూశారు. తర్వాత సంఘం వైపు తిరిగి, ఈ ఎద్దు కోసం ఇన్నాళ్లలో ఎవరైనా దేవుడికి కృతజ్ఞత చెప్పారా అని అడిగారు.

"అడగడం తర్వాత. ముందు దీన్ని చేసినాయనకు వందనాలు చెప్పుకుందాం. ఒక్కొక్కరే వచ్చి, దీని మీద చెయ్యి వేసి, ఒక్కొక్కదాని కోసం చెప్పండి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు" అన్నారు.

మొదట అందరికీ సిగ్గేసింది. పాదు పోగొట్టుకున్న అమ్మగారే ముందుకొచ్చారు. ఎద్దు నోటి పక్క ఇంకా వేలాడుతున్న చిక్కుడు తీగను చూసి, దాని మూతి మీద చెయ్యి వేసి, "ఇంత ఆకలి ఇచ్చినందుకు నీకు స్తోత్రం ప్రభువా" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. దాంతో సిగ్గు పోయింది. ఒక ముసలమ్మ పేడ కోసం వందనాలు చెప్పింది, ఇన్నేళ్లుగా ఆ పేడతోనే ఇల్లు అలుక్కుంటున్నానని. పిల్లలం తోక కుచ్చు కోసం, చెవులు ఈగల్ని తోలే తీరు కోసం చెప్పాం. ఒకరు గంగడోలు అన్నారు, ఒకరు గిట్టల చీలిక అన్నారు. సులువైనవి అయిపోయే కొద్దీ జనం దగ్గరికి జరిగి వెతకడం మొదలుపెట్టారు. నా వంతుకు కనురెప్పలు మిగిలాయి. అంత పొడుగు వెంట్రుకలు, ఒక్కొక్కటీ కొసన వంపు తిరిగి. రోజూ మేత వేసేదాన్నే, అప్పటిదాకా వాటిని చూడనే లేదు. దేవుడు ఇంత తీరిగ్గా కూర్చుని చేశాడా దీన్ని అనిపించింది.

అంతలో పక్కింటి మావయ్య పరుగున వచ్చాడు, పాకలో ఎద్దు లేదని అమ్మ చెప్పిందట. సంగతి విని తల కొట్టుకున్నాడు. అయ్యగారు ఆయన్ని కూడా పిలిచారు.

"దీని కష్టం తిన్నవాడివే కదా బాబూ, నువ్వూ ఒకటి చెప్పు."

"నాకు మీ పార్తనలు రావు బాబూ" అని మావయ్య ఇబ్బందిగా నవ్వాడు. తర్వాత ఏమనుకున్నాడో తలపాగా తీసి భుజాన వేసుకుని, దగ్గరికి వచ్చి, ఎద్దు మెడ మీద కాడి ఆనే చోట అరచెయ్యి ఆనించాడు. "ఏ దేవుడు సేసేడో నాకు తెల్దు గానీ, ఈ మెడ సేసినోడికి దండాలు. మా రెండిళ్ల కూడూ దీని మీదే..."

మాట పూర్తి కాలేదు. ఎద్దు ఒళ్లంతా జలదరించి పక్కకు జరిగింది. మావయ్య చెయ్యి తియ్యలేదు. వేళ్లతో మెల్లగా తడిమాడు.

"ఓలమ్మో! మామా, ఇటు రా. ఇక్కడేటో గుచ్చుకునుంది."

పని చేసే ఎద్దుకు మెడ మీద చర్మం కాయ కాచి గట్టిపడి ఉంటుంది. అది మామూలే అని ఎవరూ పట్టించుకోరు. పైగా కాడి ఒరుసుకోకుండా అక్కడ గోనెపట్టా వేసేవాళ్లు. ఆ కాయ కిందికి, కాడి నుంచి లేచిన చెక్క పేడు ఒకటి, నా చిటికెన వేలంతది, దిగిపోయి ఉంది. పైన వెంట్రుకలు కప్పేశాయి. బరువు పడినప్పుడల్లా అది ఇంకాస్త లోపలికి దిగేది. నాలుగు చుట్లకు ఎద్దు ఎందుకు ఆగిపోయేదో అప్పుడు తెలిసింది అందరికీ. తొడ మీద ములుగర్ర పొడిచిన గుర్తులూ అప్పుడే కనబడ్డాయి. మావయ్య వాటివైపు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

తాతయ్య కొమ్ములు పట్టుకుంటే మావయ్య గోళ్లతో పట్టి ఆ పేడు లాగేశాడు. చీము కారింది, తర్వాత నెత్తురు. అమ్మగారు వేడినీళ్లూ పసుపూ తెచ్చారు, ఎవరింటి నుంచో వేపనూనె వచ్చింది. అన్నీ అయ్యాక అయ్యగారు మందిరంలోంచి నూనె సీసా తెచ్చి నా చేతికిచ్చి, రెండు చుక్కలు దాని నుదుటికి రాయమన్నారు. ఆయన చేసిన ప్రార్థన చాలా చిన్నది, ఏమన్నారో గుర్తు లేదు. మేమంతా ఆమేన్ అన్నాక ఎద్దు పెద్దగా ఊపిరి వదిలి, సంఘం మధ్యలోనే మోకాళ్లు ముడిచి పడుకుని, మళ్లీ నెమరు మొదలెట్టింది. శనివారం సాయంత్రం నుంచి నా గుండె మీద కూర్చున్న బరువు అప్పుడు దిగింది. దాని పక్కనే మట్టిలో కూలబడ్డాను, ఆదివారం గౌను మాసిపోతుందని కూడా తోచలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు తాతయ్య పలుపు పట్టుకుని ముందు నడిచాడు. ఇంక తిడతాడు, ఇంక తిడతాడు అనుకుంటూ నేను వెనక నడిచాను. మా సందు మలుపులో ఆయన ఆగి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"ఏడు దినాల్లో ఒక దినం దీనికి ఇడిసిపెట్టేనని ఊరంతా సెప్పుకున్నాను. మిగతా ఆరు దినాలూ దీని మెడ ఒక్కపాలైనా సూడనేదే గుంటా."

భుజం మీద తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

సోమవారం ఎవరూ సంత మాట ఎత్తలేదు. మావయ్య తన బావమరిది ఊరు వెళ్లి కొన్నాళ్లకని ఒక ఎద్దును అడిగి తెచ్చి తెల్లదానికి జోడు కట్టాడు. ఆలస్యం వల్ల బెల్లం కాస్త నల్లగా వచ్చింది, వస్తే వచ్చిందన్నారు రెండిళ్ల వాళ్లూ. నెల తిరిగేసరికి ఎర్రెద్దు మెడ మీద లేత చర్మం పుట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ముసలిదై, మా పాకలోనే కన్నుమూసింది. అన్నాళ్లూ తాతయ్య, మావయ్య కాడి ఎత్తే ముందు ఎద్దుల మెడ తడమకుండా ఉండగా నేను చూడలేదు.

ఇప్పుడు గానుగలన్నీ మోటార్లతో తిరుగుతున్నాయి. నేను అనకాపల్లిలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను, ఎద్దును చూడాలంటే పనిగట్టుకుని వెళ్లాలి. కానీ దేవుడు చేసినవి మా వీధిలో కూడా తక్కువేం లేవు. మొన్న మా గేటు దగ్గరికి ఒక కుక్క మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చింది. మా మనవరాలు బెంగపడిపోయి, "ప్రార్థన చెయ్యి నానమ్మా" అంది. చేస్తానని చెప్పి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు దానికింత పాలన్నం పెట్టి, మచ్చిక చేసి, ఆ కాలు ఒళ్లోకి తీసుకుని వేళ్ల సందులన్నీ వెతికాను. ప్రార్థనకు కళ్లు మూసుకోవడం ఆ తర్వాతే.