శాంత కోసం ఆగిన దరువు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసి, సింగపూర్‌లో మళ్ళీ స్టేజీ ప్రోగ్రాములు మొదలైన ఏడాది. సెరంగూన్ రోడ్డులో ఓ పచారీ కొట్టు పైగదిలో నా స్టూడియో. పెద్దగా ఊహించుకోకండి. ఒక వర్క్‌స్టేషన్, రెండు స్పీకర్లు, కింద నుంచి వచ్చే ఇంగువ వాసన, అంతే. వర్క్‌స్టేషన్ అంటే మనం వాయించిన ప్రతి దెబ్బనూ గుర్తుపెట్టుకుని తిరిగి వినిపించే కీబోర్డు. పెళ్ళిళ్ళకూ డాన్సులకూ దాని మీద ట్రాకులు కట్టడం నా వృత్తి.

అందులో క్వాంటైజ్ అని ఒక మీట ఉంది. అది తాళాన్ని సమానమైన గీతలుగా కోసి, కాస్త ముందో వెనకో పడ్డ దెబ్బను దగ్గర్లోని గీత మీదకు లాగి కూర్చోబెడుతుంది. నేనూ రోజూ వాడతాను, దాని మీద నాకేం పగ లేదు. ఇస్త్రీపెట్టెలా అన్నిటి మీదా రుద్దేయమనే వాళ్ళతోనే నా పేచీ.

ఆ ఉగాదికి బెడోక్ పేటలో ఉండే మన ఆడవాళ్ళు కోలాటం వేస్తామన్నారు. పాటా దరువూ రాజమ్మ ఆంటీవే. నాలాగే మలేషియాలో పుట్టి పని కోసం ఇటు వచ్చిన మనిషి, మాట చివర అక్కడి వాళ్ళలా 'లా' తగిలిస్తుంది. స్టేజీ మీద వాయిద్యాలకు చోటు లేదన్నారు గనుక నా కీబోర్డు ప్యాడ్ల మీదే వేళ్ళతో దరువు వేసింది. తాళం కొలిచే టిక్‌టిక్ క్లిక్ వింటూనే వేసింది గానీ, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ వేసింది. తాళం లెక్క కాబోలు అనుకున్నాను.

మర్నాడు ఆవిడ ఎదుటే, ప్రోగ్రాం చూసుకునే వెంకట్ వచ్చి విన్నాడు. వన్-నార్త్ టెక్ పార్కులో ఉద్యోగం, మర్యాదస్తుడు.

"బాగుందండీ. కానీ అక్కడక్కడా లేట్ అవుతోంది. ఫుల్ క్వాంటైజ్ కొట్టేయండి. మా లైట్లన్నీ బీట్‌కి ప్రోగ్రామ్ చేశాం. సింక్ అవ్వకపోతే రెడీమేడ్ ట్రాక్ పెట్టేసుకుంటాం."

అతని ఇబ్బందీ నిజమే. మీట నొక్కి వినిపించాను. నున్నగా వచ్చింది. రాజమ్మ ఆంటీ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇందులో శాంత ఏదమ్మా?"

"శాంత ఆంటీ పాడలేదు కదా?"

"పాడలేదు లా. నా కళ్ళ ముందు తిరిగింది. చుట్టు మారేటప్పుడు అందరూ జట్టు మారాలి కదా. సరోజ గబుక్కున తిరుగుతుంది, దానికి ఆగక్కర్లేదు. శాంతకి మోకాలు పట్టేస్తుంది. అందుకని అక్కడ దెబ్బ కొంచెం ఆపి వేశాను. పెద్ద చుట్టులో ఇంకొంచెం."

ఆవిడ గొణుక్కున్నవి ఆ ఆడవాళ్ళ పేర్లు. నేను క్వాంటైజ్ తీసేసి మళ్ళీ విన్నాను. ప్రతి చుట్టు దగ్గరా ఒక దెబ్బ వెనకబడి, వెంటనే తాళంలో కలుస్తోంది.

వెంకట్ ఒక దారి చెప్పాడు. "పోనీ శాంత ఆంటీని ఈసారికి ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చోబెడితే? సింపుల్‌గా అయిపోతుంది కదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ ఆడుతుంది. ఈ దరువు ఇలాగే ఉంటుంది. లైట్లు చేత్తో వేయించండి."

"మాన్యువల్‌గా ఎవరు వేస్తారండీ?"

"మీరే. వేళ్ళున్నాయిగా."

రాజమ్మ ఆంటీ సంచీ భుజాన వేసుకుని లేచింది. "వస్తే అందరం వస్తాం, లేకపోతే ఎవరం రాము. రెడీమేడ్ పాటకి రెడీమేడ్ ఆడవాళ్ళని తెచ్చుకో తంబీ."

అతను వెళ్ళిపోయాడు. కోలాటం పోయినట్టేనని రెండు మూడు రోజులు నాకు దిగులుగానే ఉంది. అయినా ట్రాక్ మార్చలేదు. తర్వాత అతనే ఫోన్ చేసి, ముభావంగా, "సరే, మీ ట్రాకే పంపించండి" అన్నాడు.

ఉగాది రోజున లైట్ల బోర్డు ముందు వెంకటే నిలబడ్డాడు, మొహం ముడుచుకునే. మొదట్లో కాస్త తడబడ్డాడు. పెద్ద చుట్టు వచ్చింది. శాంత ఆంటీ ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని తిరుగుతోంది. దరువు ఆగింది. వెంకట్ వేలు మీట మీదే ఆగి ఉంది, చూపు ఆవిడ కాలి మీదే ఉంది. కర్ర కర్రకు తగిలింది. లైటు వెలిగింది.

వెనకబడ్డ ప్రతి దెబ్బా తప్పు కాదని ఈ వృత్తి నాకు ఆ రోజు నేర్పింది. ఇప్పుడు ఎవరైనా క్వాంటైజ్ కొట్టేయమంటే, అక్కడ ఎవరున్నారో ముందు చెప్పమంటాను. ఆ ట్రాక్ ఇంకా నా దగ్గర అలాగే ఉంది. దాన్ని సరిచేయమని వచ్చేవాళ్ళు కింద కొట్లో ఇంగువ కొనుక్కుని వెళ్ళచ్చు.