పావు చుట్టు సైమన్

ఉదయగిరి సైమన్ మిషనాసుపత్రిలో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా పనిచేశాడు. అయినా ఆయన పేరు నిలిచింది మందుల మీద కాదు, కారు మీద.

అది రెండు సీట్ల ఎర్ర రేసుకారు. దేశం విడిచిపోతూ డాక్టరు దొర ఆయనకు అప్పగించి వెళ్ళాడు. పైన వేసుకునే గుడ్డకప్పును ఎలుకలు ఎప్పుడో శ్రద్ధగా ఆరగించాయి. మిగిలిన లోపం ఒక్కటే, స్టీరింగు పెట్టె అరిగిపోవడం. చక్రం పావు చుట్టు తిప్పేదాకా ముందు టైర్లకు ఆ కబురే అందదు. అందిన తర్వాత కూడా కారు కాస్త ఆలోచించుకుని గానీ తిరగదు.

ఇరవై నాలుగేళ్ళలో సైమన్ ఈ లోపాన్నే ఒక శాస్త్రం చేసుకున్నాడు. మలుపు ముప్పై గజాల దూరంలో ఉండగానే పావు చుట్టు తిప్పి సిద్ధంగా ఉండేవాడు. తిన్నని రోడ్డు మీద కూడా ఉయ్యాల ఊపే తల్లిలా చక్రాన్ని అటూ ఇటూ ఊపుతూనే ఉండేవాడు. ఎర్ర కారు కనిపిస్తే మేకలకాపరులు మందను రోడ్డు దింపి, తామూ దిగి, అది ఏ పక్కన పోదలచుకుందో తేల్చుకునేదాకా ఓపిగ్గా నిలబడేవారు.

"దీని మనసు నాకొక్కడికే తెలుసు" అనేవాడు సైమన్.

కూతురు షైనీని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఈ కారులోనే. పెళ్ళినాడు చర్చికి తీసుకుపోయేదీ ఇందులోనే, అదీ తన చేత్తోనే అని ఆనాడే నలుగురి ముందూ ప్రతిజ్ఞ చేశాడు. దాన్ని నెరవేర్చుకునే ఘడియ 1994 మే నెలలో వచ్చింది. షైనీ అప్పటికి చేజర్లలో టీచరు.

"నాయనా, నేను పోవాల్సింది పెళ్ళికి, ఆసుపత్రికి కాదు. స్టీరింగు బాక్సు మార్పిస్తేనే ఎక్కుతా. లేకుంటే ఆటోలో పోతా."

ఆటో అన్న మాటకు సైమన్ ఆ పూట అన్నం సరిగా తినలేదు. మర్నాడే కారును ఆత్మకూరులో మాల్యాద్రి షెడ్డుకు తోలుకుపోయాడు. మాల్యాద్రి లారీలకు వైద్యుడు. చక్రాన్ని ఒక్క వేలితో తిప్పి చూశాడు.

"ఏంది సైమనన్నా, ఇది స్టీరింగా, మజ్జిగ కవ్వమా?"

ఆ కారు పెట్టె మన దేశంలో దొరికేది కాదు. మాల్యాద్రి నెల్లూరు పాత ఇనుము అంగళ్ళు గాలించి ఒక జీపు పెట్టె తెచ్చాడు. పాతదాన్ని ఊడదీయడానికి కిరసనాయిలు, సుత్తి, బూతులు సమపాళ్ళలో ఖర్చయ్యాయి. కొత్త పట్టీ వెల్డింగు చేసి, కడ్డీని లేతు మీద సరిచేయించి, మూడోనాటి సాయంత్రానికి బిగించాడు. పని జరిగిందో లేదో కళ్ళారా చూసుకోవడానికి షైనీ చేజర్ల నుంచి మోపెడ్ మీద వచ్చింది. నాయన మాట మీద ఆమెకు నమ్మకమే, కారు సంగతిలో తప్ప.

సైమన్ గంభీరంగా కూర్చుని, గేటు మలుపు రాకముందే అలవాటు కొద్దీ పావు చుట్టు తిప్పాడు. కొత్త పెట్టెకు ఆలోచించే అలవాటు లేదు. కారు చటుక్కున తిరిగి ఓబమ్మ టీ అంగడి బెంచీని పడదోసింది. కంగారులో రెండో పక్కకు అంతే తిప్పాడు. ఈసారి పాత టైర్ల గుట్టలో దూరి ఆగింది.

"ఏందయ్యా కాంపౌండరూ," అంది ఓబమ్మ, "టీ కావాలంటే కేకెయ్యరాదా? బండేసుకోని లోపలికే రావాల్నా?"

సైమన్ షెడ్డు వైపు తిరిగాడు. "మాల్యాద్రీ! ఇది తిప్పితే తిరగతా ఉండాది!" అన్నాడు ఫిర్యాదుగా.

"తిరిగేదానికే గదన్నా బిగించింది."

"కొంచెం లూజు పెట్టబ్బయా. ఒక్క పావు చుట్టు."

మాల్యాద్రి చేతిలో పానా కింద పెట్టాడు. "అరిగినదాన్ని కొత్తది చెయ్యమన్నోళ్ళను చానామందిని చూసినాను. కొత్తదాన్ని అరగదియ్యమన్న మహానుభావుడివి నువ్వొక్కడివే."

షైనీ మోపెడ్‌ను షెడ్డులో పెట్టి, సంచీలోంచి లైసెన్సు తీసి నాయనకు చూపించింది. నెల్లూరులో ట్రైనింగు చదివేటప్పుడు తెచ్చుకున్నది. రెండేళ్ళ కిందట ఈ కారు పట్టుకుని నేరుగా ప్రహరీగోడ మీదికి పోతే, ఇది ఆడపిల్లల చేతికి లొంగే బండి కాదని సైమన్ తీర్పు చెప్పాడు. ఇప్పుడదే చేతికి కారు ఉదయగిరి దాకా గీత గీసినట్టు పోయింది. దారిలో మందను రోడ్డు దింపి నిలబడ్డ మునెయ్య నోరు తెరిచాడు.

"అయ్యో, ఇది కాంపౌండరు బండి కాదే!"

పెళ్ళికింకా నాలుగు రోజులుంది. సైమన్ పట్టు విడవలేదు. రోజూ పొద్దున్నే హైస్కూలు మైదానంలో సాధన చేశాడు. భార్య కామమ్మ గట్టున కూర్చుని వేపపుల్ల నములుతూ చూసేది. చివరి రోజున గోలుపోస్టు ఒరిగింది. సైమన్ దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మోషేకు గూడా దేవుడు వాగ్దాన దేశాన్ని చూపించినాడేగాని పోనియ్యలేదు మే."

"మోషే గోలుపోస్టు కూలదొయ్యలేదులే," అంది కామమ్మ.

పెళ్ళినాడు పొద్దున సైమన్ కోటు వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. తెల్లచీర, ముసుగుతో షైనీ వచ్చి పక్కన నిలబడింది. ఆయన చక్రాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. తర్వాత మెల్లగా ఎడమ సీట్లోకి జరిగి, తాళంచెవి ఆమె చేతికిచ్చాడు.

"పూలు నేను పట్టుకుంటాలే. నిదానంగా పోనీ మే."

చర్చి ముందు ఎదురుచూస్తున్న పెళ్ళికొడుకు సురేంద్రబాబు తన పెళ్ళికూతురు కారు తోలుకుని రావడం చూశాడు. పక్కన మామగారు పూలగుత్తిని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. చర్చి మలుపు ఇంకా ముప్పై గజాలుండగానే ఆ పూలగుత్తి పావు చుట్టు తిరిగింది.