ఐదో ఘాతం దగ్గర

థీసిస్ శుక్రవారం ఇవ్వాలి. తప్పు మంగళవారం పొద్దున దొరికింది.

నా పరిశోధన బహుపదుల మీద. వాటిని గుణించవచ్చు, హోప్ఫ్ ఆల్జీబ్రా అనే నిర్మాణంలో అయితే ఒక నియమం ప్రకారం విడదీయవచ్చు కూడా. రెండు బహుపదులు ఇస్తే ఒక సంఖ్యను తిరిగిచ్చే ద్విరేఖీయ జోడింపు ఉంది. ఇటువైపు గుణించినా, అటువైపు విడదీసినా ఒకే సంఖ్య రావాలి. x ఐదో ఘాతాన్ని దానితోనే జోడిస్తే ఐదు ఫాక్టోరియల్, అంటే నూట ఇరవై. వేరే ఏ ఘాతంతో జోడించినా సున్నా. సున్నా కాని ఏ బహుపదీ అన్నిటితోనూ సున్నా ఇవ్వదని నాలుగో అధ్యాయంలో నిరూపించాను. ఏ సంఖ్యావ్యవస్థలోనైనా, అని కూడా రాశాను.

ఆ మాటే కొంప ముంచింది. గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వచ్చినట్టు, ఐదుకు చేరగానే సున్నా అయిపోయే సంఖ్యావ్యవస్థలు ఉన్నాయి. అక్కడ నూట ఇరవై కూడా సున్నాయే. కాబట్టి x ఐదో ఘాతం దేనితో జోడించినా సున్నా. ఒక ఉదాహరణ చేరుద్దామని కూర్చుని పావుగంటలో ఇది చూశాను. నాలుగేళ్లలో చూడలేదు. నిరూపణ మధ్యలో n తో భాగించాను; ఆ n సున్నా కావచ్చని తట్టలేదు.

భయం వెంటనే రాలేదు. నిద్ర వచ్చింది.

కాగితం తీసుకుని, ఆ లెమ్మాతో, అంటే మిగతావన్నీ ఆనుకుని ఉన్న ఆ చిన్న సిద్ధాంతంతో పాటు పడిపోయేవన్నీ రాశాను. మూడు సిద్ధాంతాలు. ఐదో అధ్యాయం మొత్తం. ముందుమాటలో ఒక పేరా. నాలుగో వరసలో ఒడిశా కాలేజీ అని రాసి ఆపేశాను. అక్కడ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. థీసిస్ ఇచ్చినట్టు నెలాఖరులోగా కాగితం చూపించకపోతే అది ఉండదు.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. మోకాలి నొప్పికి సెలవు పెట్టి ఆ రోజు మా ఊళ్లోని పూరీ గేట్ దగ్గర ఇంట్లోనే ఉన్నాడు.

"ఏటిరా, ఆ మొకమేటి అలాగుంది? టిఫిను సల్లారిపోతంది."

చెప్పాను. పేర్లన్నీ వదిలేసి, ఐదు గంటల గడియారం వరకు చెప్పాను.

"మీ సార్ సూసినాడా?"

"సూడలేదు నాన్నా. పరీక్షకులూ సూడరేమో."

"నువ్వు సూసినావు కదేటి."

టిఫిన్ ప్లేటు దగ్గరికి లాక్కున్నాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ అన్నాడు. "షాపులో ఇనప ముక్కకి బోరు, అదే బొక్క, ఎక్కువ కోసేసినామనుకో, ఇనస్పెక్టర్ రాకముందే మనమే సుద్దతో కాటా, అదే ఇంటూ గుర్తు, కొట్టీసి పక్కన పెట్టీడమే. ఆడు పట్టుకునీదాకా ఉంచీవోడి పక్కన నిలబడి ఎవడూ పని సెయ్యడు."

"నువ్వెన్నిసార్లు కొట్టినావు?"

"మూడు. మూడోసారి షాపులో మన బెంగాలీ దాదాలు ఎటకారంగా సప్పట్లు కొట్టినారు, ఎదవలు. ప్రమోషన్ ఏడాది ఆగిపోనాది. మీయమ్మ వారం మాటాడలేదు." నవ్వి, మళ్లీ గొంతు తగ్గించాడు. "కాలేజీ వొదిలీమని నాను సెప్పనురా బాబూ. ఆ ఉద్యోగం ఉంటే నాకూ బాగుణ్ణు."

మధ్యాహ్నం సైకిల్ మీద క్యాంపస్‌కి వెళ్లాను. మా గైడ్ బెంగాలీ ఆయన, రిటైర్మెంట్ దగ్గరపడింది. పేజీ ముందుపెట్టి, n తో భాగించిన వరస మీద వేలుంచాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"దీన్ని నేను నాలుగుసార్లు చదివాను," అన్నారు. నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

దారులు రెండే. ఐదులూ ఏడులూ సున్నా కాని మామూలు సంఖ్యలకే పరిమితమైతే లెమ్మా నిలుస్తుంది, కానీ అది ఎప్పటినుంచో అందరికీ తెలిసినదే. నేను చేసినదంటూ ఏమీ మిగలదు. లేదా ఒకవైపు బహుపదులను అలాగే ఉంచి, రెండోవైపు ప్రతి ఘాతాన్నీ దాని ఫాక్టోరియల్‌తో ముందే భాగించినట్టు నడిచే వేరే బీజగణితాన్ని పెట్టాలి. అప్పుడు నూట ఇరవై బదులు ఒకటి వస్తుంది. ఒకటి ఎక్కడా సున్నా కాదు. సిద్ధాంతాలన్నీ మళ్లీ నిరూపించాలి.

"రెండోదానికి ఆరు నెలలు," అన్నారు సర్. "శుక్రవారం వద్దు. ఠీక్ ఆఛే, సరేనా?"

"ఠీక్ ఆఛే సర్."

డిపార్ట్‌మెంట్ వరండాలో నిలబడి కాలేజీకి ఫోన్ చేశాను. నెలాఖరుకి కాగితం రాదని చెబితే క్లర్క్ ఓపికగా విన్నాడు. చేరనివాళ్లకు ఒక ఫారం ఉందట, అందులో కారణం రాయాలట.

"ఏం రాయమంటారు? ఒక్క లైనే పడుతుంది."

ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"పని పూర్తి కాలేదని రాయండి."

కీబోర్డు చప్పుడు వినిపించింది. నా పేరు మరోసారి అడిగి సరిచూసుకుని, జాబితాలో తర్వాతివారిని ఈరోజే పిలుస్తామని చెప్పాడు.