పక్క షెడ్డాయన ఇచ్చిన ఇనుము

ఆటోనగర్‌లో మా చిన్నాన్నకు ఒక రేకుల షెడ్డు, అందులో ఇనుము చెక్కే ఒక లేతు మిషను ఉండేవి. మరపడవల ఇంజన్లకు షాఫ్టులు చేసేవాడు. నేనప్పుడు ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. ఎవరికెంత ఇనుము దక్కాలో పర్మిట్ల ఆఫీసు తేల్చే రోజులవి. చిన్నాన్నకు ఇంగ్లీషు రాదు గనుక కోటా దరఖాస్తులు నేనే రాసిపెట్టేదాన్ని.

ఇంకో లేతు పెట్టాలని ఆయన ఆశ. హార్బరులో పడవలు పెరిగాయి, పడవలవాళ్లు పని కోసం షెడ్డు ముందు పడిగాపులు కాస్తున్నారు. అదే రాసి, ఇనుము కోటా పెంచమని ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా కాగితం సగం చదివి, "ఊళ్లో ఇలాంటి షెడ్లు చాలానే ఉన్నాయి. మీది పెంచడం ఎందుకు?" అన్నాడు.

"పడవలోలు అడుగుతన్నారండీ," అన్నాడు చిన్నాన్న.

"వాళ్లు అడిగితే సరిపోదు. అవసరమని మాకనిపించాలి."

తిరుగు బస్సులో కోపం పట్టలేక నేను చదివిందంతా వల్లించాను. కొనేవాడికీ చేసేవాడికీ మధ్య మూడోవాడి అనుమతి దేనికని, ఎవరి లాభం వాళ్లు చూసుకుంటేనే ఊరంతటికీ సరుకు అందుతుందని. చిన్నాన్న శ్రద్ధగా విన్నాడు.

"బాగున్నాయి పాపా. మరి ఈ మాటలు ఆ గుమాస్తాతో సెప్పలేకపోయావేటి?"



ఆ నెల కోటా ఇనుము అయిపోయి లేతు ఆగింది. నాలుగో రోజు పక్క షెడ్డాయన రెండు కడ్డీలు భుజాన వేసుకొచ్చాడు. ఆయనదీ షాఫ్టుల పనే.

"నాను మూసేత్తే పడవలోలు నీ కాడికే వత్తారు కదా! ఎందుకిత్తన్నావ్?" అని చిన్నాన్న అడిగాడు.

"వత్తే ఏటి బావా? నీ పని సూసే నాను నునుపు తియ్యడం నేర్సుకున్నాను. నువ్వు పక్కన లేకపోతే నా సెయ్యి మొద్దుబారిపోద్ది."

అలాంటి పోటీదారుడు నా పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు.

ఆ కడ్డీలతో ఎన్నాళ్లు నడుస్తుంది? నెలలో సగం రోజులు లేతు ఆగుతూనే ఉంది, ఏళ్లు గడిచినా కోటా పెరగలేదు. చిన్నాన్న మిషను అమ్మేసి, అప్పుడు కడుతున్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేరాడు. నెల జీతం, క్వార్టరు. పిన్ని సంతోషించింది, నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి బస్సులో వస్తూ ఆయన ఆటోనగర్‌లో దిగిపోయాడు. నేనూ దిగాను. పక్క షెడ్డాయన లేతు వదిలి, "పట్టు బావా," అన్నాడు. చిన్నాన్న తెల్ల చొక్కా చేతులు మడిచి మిషను ముందు నిలబడ్డాడు. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. షాఫ్టు మీద బొటనవేలు నెమ్మదిగా నడిపి, తల వంచి నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

మళ్లీ బస్సెక్కాక, "ఇంక రాను పాపా. ఇంటికెల్లాక సేతులు ఊరుకోవు," అన్నాడు.

అన్నట్టే రాలేదు. తర్వాతి ఆదివారాల్లో ఆ స్టాపు వస్తే షెడ్ల వైపు తిరక్కుండా ముందు సీటు వైపే చూస్తూ కూర్చునేవాడు. పోనీ ఒక్కసారి దిగుదాం చిన్నాన్నా అని నేనైనా అనాల్సింది. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ మాట నా నోట్లోనే ఉంది.