ముల్లు గుచ్చని ఆట

మా చెల్లెలి భర్త పోయాడు. శనివారం పొద్దున రామాలయంలో పురాణం చెబుతుండగా ఫోన్ వచ్చింది. గుండె ఆగిందట. గ్రంథం మూసి లేచాను. "ఈ అధ్యాయం అవగొట్టీసి ఎళ్లండి" అన్నాడొక భక్తుడు. అతనికి పుణ్యం పూర్తిగా కావాలి, అదీ ఫ్యాను కింద.

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లందరికీ మా బావ తెలుసు. పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, పెనం దించాలో వద్దో చెప్పేవాడు. నలభై దాటాక ఆ వేళ్లకే వీడియో గేమ్ పిచ్చి పట్టింది. ఎర్ర కండువా వేసుకున్న బుడ్డోడొకడు ముళ్ల మీంచి, కూలిపోయే మెట్ల మీంచి దూకుతూ గదులు దాటే ఆట. ముల్లు తగిలితే చావే. ఆ గది మళ్లీ మొదటి నుంచి.

పరామర్శకు వచ్చినవాళ్లు ఏమన్నారో వినండి. "పెద్దోడయ్యుండి పిల్లలాటలు ఆడీవోడు, పాపం." ఈ మాటన్న పెద్దమనిషి శవం పక్కనే కూర్చుని ఫోనులో రంగు గోళీలు జత చేస్తున్నాడు. వేలు తగిలితే చాలు, చప్పట్లు కొట్టే ఆట. పాలకడలి చిలికితే ముందు పుట్టింది విషమేనని నేను గొంతు చించుకుంటుంటే, అమృతం ఎప్పుడొస్తుందని గడియారం చూసే జాతి ఇదే.

బావ గెలిచినప్పుడు నవ్వేవాడు కాదు. ఆటలో చచ్చినప్పుడు నవ్వేవాడు. "సూసేవా బావ, అర సెకను ముందు దూకేసేను! తప్పు నాదే, దానిది కాదు." సులువైన ఆట ఏది చూపించినా "హైడ్రోస్ బెల్లం" అనేవాడు. రంగు కోసం మందు కలిపిన సరుకని అర్థం. "సూడ్డానికి బంగారం. నోట్లో ఎట్టుకుంటే ఏటుంది?" నాకు గ్రంథం చెప్పిన గురువు లేడు. నా తప్పును నేనే నవ్వుతూ వెతుక్కోవడం మాత్రం ఇతని దగ్గరే నేర్చుకున్నాను.

నేర్చుకున్నానంటూనే ఏం చేశానో కూడా వినండి. ఆఖరి గదిలో బావ ఆర్నెల్లు ఆగిపోయాడు. నాకు జాలేసింది. ఓ సాయంత్రం అతను టీ తేవడానికి లోపలికెళ్లగానే, ఆటలో 'సాయం' అని ఉన్నదాన్ని నొక్కాను. ఇక ముల్లు తగిలినా బుడ్డోడు చావడు. ఉపవాసమని చెప్పి కడుపు నిండా ఫలహారం కుమ్మేవాడి భక్తి ఎలాంటిదో, నా దయ అలాంటిది.

బావ వచ్చి దూకించాడు. గురి తప్పింది. బుడ్డోడు ముళ్ల మీద పడి, లేచి, తాపీగా నడుచుకుంటూ పోయాడు. తలుపు తెరుచుకుంది. తెర మీద బాణసంచా.

"ఏటి బావ, ముల్లు గుచ్చలేదేటి?" అని నావైపు తిరిగాడు. "నువ్వేనా?"

"ఆర్నెల్ల బట్టి సస్తన్నావు కదా అని..."

"నా సావులు నన్ను సావనీ, బావ."

ఆట మొత్తం చెరిపేసి, మొదటి గది నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. నాకు టీ మాత్రం ఇచ్చాడు. పోయేనాటికి తిరిగి ఆఖరి గది దాకా వచ్చాడు. దాటలేదు. దాటడానికి ఉండాల్సిన రోజులను నా జాలి తినేసింది.

పదోరోజు శారదా నది ఒడ్డున పిండం పెట్టాం. కాకి ముట్టలేదు. పోయినవాడికి కోరికేదో మిగిలితే ముట్టదని, అది తీరుస్తామని పైకి మాటివ్వాలని మా నమ్మకం. చెల్లెల్ని చూసుకుంటామన్నారు. కూతురి చదువన్నారు. గట్టు మీది కాకి కదల్లేదు. గోళీల పెద్దమనిషి లేచి, "నీ ఆట మేమే పూర్తి సేయించేత్తాం లేరా!" అని కేకేశాడు. కాకి ఇంకాస్త వెనక్కి జరిగింది.

"నువ్వు సెప్పు అన్నియ్యా" అంది చెల్లెలు.

నోటితో బతికినవాడిని. శ్లోకాలు పక్కన పెట్టి కాకి వైపు తిరిగాను.

"బావా, నీ ఆట ఎవుళ్లూ ముట్టుకోరు. ఆ గది అలాగే ఉంటాది. నేను మరి సెయ్యెట్టను."

కాకి గట్టు దిగింది. దానికీ విస్తరికీ మధ్య సన్నని నీటిపాయ. అంచున ఆగి, మెడ వంచి దూరం చూసుకుని గెంతింది. చాలలేదు. కాళ్లు తడిశాయి. వెనక్కి వెళ్లి, మళ్లీ అంచుకు వచ్చి నిలబడింది. రెక్కలు మాత్రం విప్పలేదు.