నేను గీసిన ఎర్ర గుండ్రం

నేను చెప్పేదాంట్లో సగం కోసేసి వినాలని మా ఇంట్లో వాళ్లకు తెలుసు. మీకు తెలియదు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. పెళ్లి వీడియోలు తీసి బతికేవాణ్ని. పాతికమంది వచ్చిన బారాత్ నా చేతిలో పడితే జిల్లా మొత్తం కదిలివచ్చినట్టు ఉంటుంది. ఎల్లారెడ్డిలో రోడ్డు మీద నా దుకాణం. దానికన్నా అగ్గిపెట్టె విశాలం. తలుపు మీద ఒక సీసీ కెమెరా, అది తీసింది దాచే రికార్డు డబ్బా బల్ల కింద.

లింగంపేట ముసలాయన ఒకాయన, భార్య చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, నా గడప మీద కూర్చుని చాయ్ తాగి వెళ్లేవాడు. నేను ఏది చెప్పినా "అవునా బిడ్డా" అని నోరు తెరిచే మనిషి భూమ్మీద ఆయనొక్కడే. ఒక మబ్బు పట్టిన పొద్దున, ఆయన రోడ్డు దాటుతుంటే ఒక కారు గుద్ది, ఆగకుండా పోయింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. నంబరు ఎవరూ చూడలేదు, నా కెమెరా తప్ప.

పోలీసాయన వచ్చి చూశాడు. "అన్నా, ఈ రికార్డు డబ్బా బంద్ చేసి పక్కన పెట్టు. ఏం ముట్టకు. కాగితాలు రాసుకొని వచ్చి మేమే తీస్కపోతం."

మర్నాడు ముసలాయన భార్య వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "మా ముసలోన్ని ఎవడు గుద్దిండో జడ్జి సారుకు మంచిగ కనవడాలె కొడుకా."

"నాకిడిసిపెట్టు అవ్వా," అన్నాను.

మంచిగా కనబడాలంటే నాకు తెలిసిన పని ఒక్కటే. డబ్బా మళ్లీ నడిపించి, ఆ ముక్కను కంప్యూటర్‌లోకి దించాను. మబ్బు పొద్దును మిట్టమధ్యాహ్నం చేశాను. కారు వచ్చేచోట స్లోమోషన్. నంబరును పెద్దది చేసి చుట్టూ ఎర్ర గుండ్రం గీశాను. పాట పెట్టలేదు, అంతవరకు బుద్ధి పనిచేసింది. అదంతా అసలు ముక్క మీదే సేవ్ చేసి, డబ్బాను బంద్ చేయడం మరిచిపోయాను. నిండిన డబ్బా పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. పోలీసులు కాగితాలతో వచ్చేసరికి దాంట్లో ఆ పొద్దు రికార్డే లేదు. నేను దిద్దిన ముక్కే తీసుకెళ్లి, ఆ నంబరుతోనే కారు యజమానిని పట్టుకున్నారు.

కామారెడ్డి కోర్టులో నన్ను బోనెక్కించారు. కారు యజమాని వకీలు చాలా మర్యాదస్తుడు.

"ఈ ఎర్ర గుండ్రం రోడ్డు మీదనే ఉండెనా?"

"లేదు సార్. నేనే గీసిన."

"కారు గింత మెల్లగ పోయిందా?"

"లేదు సార్. అది స్లోమోషన్."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఊరంతటినీ నవ్వించి బతికిన నాకు ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది.

"మరి నంబరు?"

"తెల్లగ చేసిన సార్, అంతే. అంకెలు ముట్టలే."

"ముట్టలేదని మేమెట్ల నమ్మాలె? అసలుది చూపెట్టండి."

అసలుది లేదు. కెమెరా తీసినది తీసినట్టే ఉందని, డబ్బా యజమానిగా నేను సంతకం చేయవలసిన కాగితం ఒకటి ఉంటుందట. అది లేనిదే వీడియోను సాక్ష్యంగా తీసుకోరు. ఆ కాగితం మీద నేనెట్లా సంతకం పెట్టను? పుట్టిన దగ్గరనుంచి కోతలు కోసినవాణ్ని, ఒక్క అబద్ధం కావలసివచ్చిన రోజున చెయ్యి లేవలేదు.

ఆ కారును పట్టిచ్చేది ఆ నంబరు తప్ప మరొకటి లేదు. కేసు కొట్టేశారు. కారు యజమాని ఫోన్ మాట్లాడుకుంటూ మెట్లు దిగిపోయాడు. అవ్వ కోర్టు వరండాలో గోడకానుకుని, "అయితే వాడు కాదంటనా?" అని మూడుసార్లు అడిగింది. వాడేనని నాకు తెలుసు. నేను బూట్లు చూసుకున్నాను.

తిరుగు బస్సు లింగంపేట చేరడానికి ఒక ఏడాది పట్టింది. అవ్వ నా పక్కనే కూర్చుంది. దిగేముందు నా భుజం మీద చెయ్యి వేసి, "పోనియ్ కొడుకా, నువ్వు మంచికే చేసినవ్," అంది.

అబద్ధాలు ఏరుకునేవాళ్లకు శ్రమ తగ్గిస్తాను. ఆ చివరి మాట నా కల్పన. నా పక్క సీటు ఖాళీగానే ఉంది. అవ్వ లింగంపేట దాకా నిలబడే వచ్చింది.